జాకెట్ కిందికి లాగినందుకు

ఎలీహియో సంగతి ఎవరడిగినా నాకు ముందు కోపమే వస్తుంది. పోలీసుల మీదో, జడ్జి మీదో అనుకుంటారు. కాదు, నా మీద నాకే. ఈ కథలో అందరికంటే ముందు నోరు పారేసుకున్నదాన్ని నేనే.

నా పేరు రెమెదియోస్. అమెరికాలోని యూమాలో లెట్యూస్ ఆకుకూర కోసే ముఠాకి పంతొమ్మిదేళ్ళుగా మేస్త్రీని. ఆడది మేస్త్రీ ఏమిటని మొదటి ఏడాది మూతులు తిప్పినవాళ్ళు, రెండో ఏడాదికల్లా నా కేక వినపడగానే నడుములు వంచడం నేర్చుకున్నారు. ఎలీహియోకి నేర్పాల్సిన అవసరం రాలేదు. మొదటి రోజే "మేస్త్రీగారూ" అన్నాడు. తర్వాత వాళ్ళమ్మాయి యారెట్సి బాప్తిస్మానికి నన్ను జ్ఞానతల్లిగా నిలబెట్టారు. అప్పటినుంచి నేను అతనికి కొమాద్రేని, అతను నాకు కొంపాద్రే. మా వాళ్ళలో ఆ వరస తోడబుట్టిన వరసకేమీ తీసిపోదు.

మెక్సికోలో, మిచోవకాన్‌లో, చెరువు పక్క ఊరు వాళ్ళది. తుంగచాపలు అల్లుకునే ఇల్లు. పద్దెనిమిదో ఏట ఇటొచ్చి కత్తి పట్టాడు, నలభై ఆరు దాకా దించలేదు. బక్కపలచటి మనిషి, అయినా సాలులోకి దిగితే ఇద్దరి పెట్టు. ఎడమ చేత్తో లెట్యూస్ తలని పక్కకి వంచుతాడు, ఒక్క వేటుతో మొదలు తెగ్గొడతాడు, తిప్పుతాడు, ఇంకో వేటుకి పై ఆకులు రాలిపోతాయి. అది పెట్టెలో పడేసరికి అతను తర్వాతదాని దగ్గర ఉంటాడు. మాకు ముగ్గురేసి ఒక జట్టు. ఇద్దరు కోస్తే ఒకరు సర్దుతారు. ఎలీహియో జట్టులో చేరడానికి జనం నాకు తమాలీలు తెచ్చిచ్చి మంచి చేసుకునేవాళ్ళు. తమాలీలు తిని, చేర్చుకోనని చెప్పేదాన్ని.

కత్తి మాత్రం ఎవరి కత్తి వాళ్ళదే. కొత్త కత్తికి కొస చదునుగా ఉంటుంది. ఎలీహియో ఆ కొసని ఒక పక్కకి సానపట్టి మొన తేల్చుకున్నాడు, కుళ్ళిన ఆకుని మొదట్లోంచి గిల్లెయ్యడానికి. దాన్ని ఒరలో పెట్టి నడుముకి ఎడమ పక్క వేలాడదీసుకునేవాడు.

ఇక మర్యాద అంటారా, అది కాస్త ఎక్కువే. బస్సెక్కే ముందు బూట్ల మట్టి దులుపుకునేవాడు. ఎవరైనా వచ్చి భుజం తగిలిస్తే వాళ్ళకంటే ముందు తానే క్షమించమనేవాడు. "నీ మర్యాద తగలెయ్య, తగిలించింది వాడు కదయ్యా!" అంటే, "పోనీలే కొమాద్రే, నేనూ దారిలోనే ఉన్నాగా" అనేవాడు.

అసలు సంగతికి మూడేళ్ళ ముందు యూమాలో ఒక షాపులో మా వాళ్ళు ఎనిమిదిమంది పొలం నుంచి తిన్నగా, నడుములకి కత్తులతో, సోడాలు కొనడానికి దూరారు. లోపల పసిపిల్లతో ఉన్న ఒకావిడ చూసి కెవ్వుమంది. షాపువాడు కాంట్రాక్టరుకి ఫోను చేశాడు, కాంట్రాక్టరు నాకు తలంటాడు. నేను ఊరుకుంటానా? మర్నాడు బస్సులో నిలబడి అందరికీ తలంటాను.

"ఒరేయ్, వినండి! ఇకమీదట ఏ షాపు గుమ్మం ఎక్కినా ముందు జాకెట్ కిందికి లాక్కోండి. ఒక్క కత్తి కనపడిందా, తోలు తీస్తాను. మనం కూలికొచ్చాం గాని దోపిడీకి రాలేదు."

"బస్సులో వదిలేసి వెళ్తే పోలా?" అన్నాడు నబోర్. ఎలీహియో జట్టులో రెండో కోతగాడు, నోటికి అదుపు లేనివాడు. అని తనే జవాబు చెప్పుకున్నాడు. "అమ్మో, వద్దులే. నా పెళ్ళాన్నైనా వదిలి వెళ్తాను గాని సానపట్టిన కత్తిని మీ మధ్య వదల్ను."

అందరూ నవ్వారు. ఎలీహియో మాత్రం తలూపాడు. ఆ రోజు నుంచి షాపులో కాలు పెట్టేముందు జాకెట్ లాక్కోవడం అతనికి అలవాటైపోయింది. మిగతావాళ్ళు సగం సార్లు మరిచిపోయేవాళ్ళు, అతను మరిచేవాడు కాదు.

యూమా ఊరు నదికి ఇటు ఉంది, అరిజోనాలో. అటు ఒడ్డు కాలిఫోర్నియా. వంతెన దాటేలోగా రేడియోలో ఒక పాటైనా పూర్తవదు. ఇటు ఒడ్డున పెద్దవాడెవడైనా నడుముకి ఏ కత్తి కట్టుకున్నా, పైన ఏం కప్పుకున్నా అడిగేవాడు లేడు. అటు ఒడ్డున లెక్క వేరు. ఒరలో కత్తి నడుముకి వేలాడుతూ పదిమందికీ కనపడితే తప్పు లేదు. దాన్ని బట్టకింద దాస్తేనే నేరం. దాచుకున్నవాడి మనసులో ఏదో ఉంటుందని వాళ్ళ లెక్క. మా బస్సులో ఆ ముక్క ఎవరికీ తెలియదు. రోజూ బస్సు నడిపి వాళ్ళని వంతెన దాటించే నాకూ తెలియదు.

ఆ జనవరిలో మా కోత అటు ఒడ్డున పడింది. ఒక పొద్దున వెళ్ళేసరికి చేనంతా మంచు గడ్డకట్టి ఉంది. మంచు పట్టిన ఆకుని ముట్టుకుంటే నల్లబడి పాడైపోతుంది, అది కరిగేదాకా ఎవరూ సాలులో దిగకూడదు. అలాంటి రోజుల్లో మాకు గంటో రెండు గంటలో కాళ్ళు ఆడించుకుంటూ కూర్చోవడమే పని. చేను మలుపులో పెట్రోలు బంకూ, దానికో కొట్టూ ఉన్నాయి.

"కాఫీ తెస్తా కొమాద్రే. నీకు చక్కెర రెండా, మూడా?" అన్నాడు ఎలీహియో.

"నాలుగు. ఈ చలికి బతికుంటే కదా షుగరు జబ్బు రావడానికి!"

నవ్వుకుంటూ వెళ్ళాడు. లోపల జరిగింది తర్వాత అతనితో నూరుసార్లు చెప్పించుకున్నాను. గల్లా దగ్గర లొరెటా అని తెల్లావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి. కాఫీ మిషను దగ్గర ఇద్దరు పోలీసులు. చేల్లో ఉన్నప్పుడు అందరూ చేసేట్టే ఎలీహియో జాకెట్‌ని ఒర వెనక్కి దోపుకుని ఉన్నాడు. గుమ్మం ఎక్కేముందు లాక్కోవాల్సింది, చలికి తొందరలో ఆ ఒక్కసారికి మరిచాడు. లోపలికొచ్చాక లొరెటా చూపు తన నడుము మీద పడడం గమనించాడు. సిగ్గుపడి జాకెట్ కిందికి లాగి కత్తి కప్పేశాడు.

అది ఒక పోలీసు కంటపడింది. "దానికింద ఏముంది?" అన్నాడు. ఎలీహియోకి ఇంగ్లీషు అంతంత మాత్రం. చూపించమంటున్నాడేమో అనుకుని నవ్వుతూ జాకెట్ ఎత్తి చూపించాడు.

సంగతి తెలిసి నేను పరుగెత్తుకెళ్ళేసరికి అతని చేతులకి బేడీలున్నాయి. గల్లా మీద మా నాలుగు కాఫీలు పొగలు కక్కుతున్నాయి. నేను అరిచాను, చెయ్యి ఊపి చేను చూపించాను, ఇతను లెట్యూస్ కోసేవాడయ్యా అని మొత్తుకున్నాను. ఆ పోలీసు నా మీద కేకలెయ్యలేదు, అదింకా ఒళ్ళు మండించింది. "కోసేవాడని తెలుస్తూనే ఉందమ్మా. బయటికి వేలాడుతుంటే మేం మాట్లాడేవాళ్ళమే కాదు. మమ్మల్ని చూసి దాచాడు" అన్నాడు.

"మిమ్మల్ని చూసి కాదు!" అన్నాను. ఎవరు వింటారు?

రెండు రోజులకి వదిలారు. ఒక కాగితం ఇచ్చారు. కేసు తేలేదాకా ఒంటిమీద కత్తి ఉండకూడదు, అదీ షరతు. మొన తేలిన కత్తి కాబట్టి పొడిచే ఆయుధమే అని రాశారు. కుళ్ళిన ఆకు కోసమని నేను చెబితే రాసుకున్నవాడు లేడు.

కోతగాడికి కత్తి వద్దంటే ఇంకేం మిగిలింది? పెట్టెలు సర్దే పనిలో పెట్టాను. ఆ పని కుర్రాళ్ళది, చక్రంలా తిరగాలి. ఎలీహియో వంగడంలో దిట్ట గాని తిరగడంలో కాదు. పెట్టెలు వెనకబడిపోయేవి. జట్టులో వాళ్ళు మొదటి వారం ఏమీ అనలేదు. రెండో వారం నబోర్ నోరు ఊరుకోక, "ఏం ఎలీహియో, పూలు సర్దుతున్నావా, లెట్యూసా?" అన్నాడు. ఎలీహియో, "నిజమే, నెమ్మదైపోయాను" అని ఒప్పుకున్నాడు. నబోర్ మొహం మాడిపోయింది. తర్వాత వాడెప్పుడూ అతని జోలికి పోలేదు, ఎగతాళి కంటే ఆ మౌనమే అధ్వాన్నంగా ఉండేది.

ఇంట్లోనూ అంతే. ఒకసారి భోజనానికి వెళ్ళాను. అతని భార్య అంపారో మాంసం ముక్కలు కోసి మొగుడి పళ్ళెంలో పెడుతోంది, పసివాడికి పెట్టినట్టు. ఇంట్లో కత్తి ముట్టుకుంటే తప్పు లేదని అతని కేసుకి సర్కారు ఇచ్చిన లాయరమ్మ చెప్పింది. అతను నమ్మలేదు. "ఏది తప్పో ఏది కాదో నాకు తెలుసనుకునే కదా బతికాను" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండును, జాకెట్ వేసుకోవడం కూడా మానేశాడు. తెల్లవారుజామున చొక్కాతో వణుకుతూ బస్సెక్కేవాడు. వేసుకోవయ్యా అంటే వినడు. బస్సు వంతెన ఎక్కినప్పుడల్లా అతని చెయ్యి ఖాళీ నడుము తడుముకునేది. నేను అద్దంలో చూసేదాన్ని, చూడలేక కళ్ళు తిప్పుకునేదాన్ని.

ఫిబ్రవరిలో కాంట్రాక్టరు నన్ను పిలిచాడు. మార్చి చివర ఇక్కడ కోత అయిపోతుంది, ముఠా మొత్తం కాలిఫోర్నియాలోనే పైనున్న సలీనాస్ పోతుంది, నవంబరు దాకా అక్కడే.

"కత్తి పట్టలేనివాణ్ణి నేను సలీనాస్ తీసుకెళ్ళను రెమె. నీ కొంపాద్రే అని నాకు తెలుసు. పెట్టెలకి నాకు వేరే మనుషులున్నారు."

"ఇరవై ఎనిమిదేళ్ళు కోసినవాడయ్యా!"

"అందుకే చెప్తున్నా. కేసు గెలిస్తే రమ్మను. ఓడితే జైలు బదులు మూడేళ్ళు ప్రొబేషన్ అంటున్నారు, మూడేళ్ళూ కత్తి లేదు. నలభై తొమ్మిదికి మళ్ళీ మొదలెడతాడా?"

ఆ మాట ఎలీహియోకి నేనే మోసుకెళ్ళాలి. మోసుకెళ్ళాను. అతను విని, "ఆయన అన్నదాంట్లో తప్పేముంది" అన్నాడు. నాకు ఆ మనిషిని పట్టుకుని కుదిపేద్దామనిపించింది.

అప్పుడే గట్టిగా అనుకున్నాను, తప్పు నాది కాబట్టి కోర్టులో నేనే నిలబడి చెప్తానని. జాకెట్లు కప్పుకోమన్నది నేను, మూడేళ్ళ క్రితం, ముప్ఫైమంది సాక్ష్యం. కాంట్రాక్టరు ఉద్యోగం పీకితే పీకనీ. మంచి గౌను వేసుకుని ఎలీహియోతో పాటు లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. మిస్ ప్రూయెట్ ఆమె పేరు, చిన్నపిల్ల, మా భాష తడుముకుంటూ మాట్లాడుతుంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను.

ఆ పిల్ల కలం కింద పెట్టి చేతుల్లో మొహం దాచుకుంది.

"రెమెదియోస్ గారూ, ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు. జడ్జితో అంటాను."

"దయచేసి అనకండి. మీరు అలా చెప్పారంటే ఆయన కావాలనే కప్పాడని మీరే రుజువు చేసినట్టు. మన మీద వాదించే సర్కారు వకీలు వెతుక్కుంటున్నది అదే."

"కప్పింది మంచికే కదా! జనం భయపడకూడదని!"

"ఎందుకు కప్పాడన్నది చట్టం అడగదు. తెలిసి కప్పాడా, లేదా? అంతే అడుగుతుంది." నా వైపు కాక గోడ వైపు చూస్తూ చెప్పింది. "జాకెట్ తనంతట తాను జారి కత్తిమీద పడితే నేరం కాదు. చేత్తో లాగితే నేరం. పోలీసాయన పక్కనుంచి చూశాడు, సరిగ్గా చూశాడో లేదో అనుమానమే. కెమెరాలో వీపులే పడ్డాయి. ఎలీహియో గారు ఏం చెప్పాలో నేను చెప్పను, చెప్పకూడదు. ఏ జవాబుకి ఏం జరుగుతుందో మాత్రం చెప్తున్నాను."

నేను నిజం చెబితే అతను మునుగుతాడు. అతను నిజం చెప్పినా అతనే మునుగుతాడు. నోరు మూసుకోవడం తప్ప నేను చెయ్యగలిగిన మేలేమీ లేదు, నాకేమో అది పుట్టుకతోనే రాదు.

ఆ సాయంత్రం వాళ్ళ వంటింట్లో ముగ్గురం ఆడవాళ్ళం అతని చుట్టూ చేరాం.

"జారింది అను. ఒక్క మాట. జారిందీ... అంతే" అన్నాను.

"జారలేదు కొమాద్రే."

"జారలేదని నాకు తెలీదా! నువ్వు చెడ్డపని చేసి దాచమనటం లేదుగా. చెయ్యని చెడ్డపని నీ నెత్తిన పడకుండా చూడమంటున్నాం."

అంపారో ఏడుస్తోంది. యారెట్సికి పంతొమ్మిదేళ్ళు, కాలేజీలో నర్సు చదువు. తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, నువ్వు ఇంట్లో కూర్చుంటే మూడేళ్ళు కూడా బతకవు. రోజూ చూస్తున్నాగా. నాకోసం అను."

కూతుర్ని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. చివరికి, "సరే తల్లీ, జారిందంటాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నెలన్నర తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. పాపమా, పుణ్యమా అని ఆలోచించలేదు.

మార్చి మొదటి వారం కోర్టు. జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కడే వినేట్టు లాయరమ్మ ఒప్పించింది. ఎలీహియో చెవులకి గొట్టాలు తగిలించారు, దుబాసీ మాటలు వినడానికి. ముందు పోలీసు చెప్పాడు. చెయ్యి కదలడం చూశాను, జాకెట్ కిందికొచ్చింది అన్నాడు. లాయరమ్మ అతన్ని నలిపేసింది. ఎంత దూరంలో ఉన్నారు? చేతిలో కాఫీ ఉందా? మూత పెట్టుకుంటున్నారా? మధ్యలో చిప్సు అర అడ్డం ఉందా? అతను "ఉండొచ్చు", "అనుకుంటాను" అనడం మొదలెట్టాడు. నాకు లోపల ఎగిరి గంతెయ్యాలనిపించింది. గెలుస్తున్నాం.

అప్పుడు సర్కారు వకీలు లొరెటాని పిలిచాడు.

ముసలావిడ నీలం రంగు కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చింది. బోనెక్కగానే ఎలీహియోని చూసి చిన్నగా చెయ్యి ఊపింది. ఆమెని మా మీదకి ఉసిగొల్పారేమోనని భయపడ్డాను గాని, మొహం చూస్తే ప్రేమే కనపడింది.

"ఇతను మీకు తెలుసా?"

"తెలియకేం! పొద్దున్నే వస్తాడు. చిల్లర కింద పడేసినా నేను వంగకుండా తనే తీసిస్తాడు. ఇంత మర్యాదస్తుణ్ణి కోర్టుకెక్కించడం ఏమిటి నాయనా?"

"ఆ రోజు ఏం చూశారో చెప్పండి."

ఆవిడ జడ్జి వైపు తిరిగింది. మేలు చేస్తున్నానన్న నమ్మకంతో గొంతు గట్టిగా పెంచింది. "నాకు కత్తులంటే భయమండీ. మా చెల్లెలికి జరిగిన ఒక సంగతి వల్ల. అతను లోపలికి వచ్చాడు, నా చూపు కత్తి మీద పడింది. అతను నా మొహం చూశాడు. వెంటనే చెయ్యి పెట్టి జాకెట్ లాగి దాన్ని కప్పేశాడు. నాకోసం. నేను భయపడకూడదని. ఇరవై రెండేళ్ళుగా ఆ గల్లా దగ్గర నిలబడుతున్నాను, ఎవరూ నాకోసం అంత ఆలోచించలేదు."

సర్కారు వకీలు ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. లాయరమ్మ లేచింది. జాకెట్ దానంతట అదే జారి ఉండొచ్చు కదా అని అడిగింది. "లేదమ్మా, స్వయంగా లాగాడు, నేను చూశాను" అంది లొరెటా, ఆ మర్యాదని ఎవరో లాక్కుంటున్నట్టు.

ఇక ఎలీహియో వంతు. ఇంకా దారి ఉంది, లాయరమ్మ చెవిలో అదే చెప్పిందని తర్వాత తెలిసింది: ముసలామెకి చూపు సరిగా ఆనలేదని వాదించొచ్చు, మీరు జారిందని గట్టిగా నిలబడితే. అంపారో నా చెయ్యి పిండేస్తోంది. యారెట్సి కళ్ళు మూసుకుంది.

"జాకెట్ ఎలా కిందికి వచ్చింది?" లాయరమ్మ అడిగింది.

అతను మొదటి వరసలో కూర్చున్న లొరెటాని చూశాడు. ఆవిడ ధైర్యం చెబుతున్నట్టు తలూపింది.

"ఎలీహియో గారూ? జాకెట్?"

"ఆవిడ చెప్పిందే నిజం" అన్నాడు. "నేనే లాగాను."

"ఒరేయ్ ఎలీహియో!" అని నా నోట్లోంచి వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళలో అతన్ని ఒరే అనడం అదే మొదలు. బంట్రోతు నన్ను బయటికి పొమ్మన్నాడు. తీర్పు తలుపు అవతలనుంచే విన్నాను. నేరం రుజువైంది. జైలు లేదు. మూడేళ్ళు ప్రొబేషన్, మూడేళ్ళూ ఒంటిమీద కత్తి ఉండకూడదు. చేలో పనికి మాత్రం మినహాయించమని లాయరమ్మ బతిమాలింది. కేసే ఆ కత్తి గురించి కదా, కుదరదన్నాడు జడ్జి, మెత్తగానే.

అందరూ వసారాలోకి వచ్చారు. యారెట్సి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది, తిట్టడానికి ఎవరూ దొరకలేదు. అప్పుడు తలుపు తోసుకుని లొరెటా వచ్చింది. జడ్జీ లాయర్ల మాటలు ఆవిడకి పూర్తిగా అర్థమైనట్టు లేదు. జైలు లేదన్న ముక్క ఒక్కటే చెవినపడ్డట్టుంది. మొహం వెలిగిపోతోంది.

నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇంగ్లీషు మాట్లాడతావుగా, ఇతన్ని అడుగు. నా సాక్ష్యం పనికొచ్చిందా?" అంది.

"ఏమంటోంది కొమాద్రే?" అన్నాడు ఎలీహియో.

చెప్పాను. అతను ఆవిడ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చాలా పనికొచ్చిందని చెప్పు. ఇంత దూరం వచ్చినందుకు దణ్ణాలని చెప్పు."

లొరెటా నా వంకా అతని వంకా మార్చి మార్చి చూస్తోంది.

"చెప్పు కొమాద్రే" అన్నాడు మళ్ళీ. "పెద్దావిడ ఎదురుచూస్తోంది."

చాలా పనికొచ్చిందని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను.